చెడ్డ కబురు నడిచే దారి

2000 మార్చి 17, శుక్రవారం. రాత్రి ఎనిమిది గంటల వేళ అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో ఉరుములు, మెరుపులు. ఒక కరెంటు లైను మీద పిడుగు పడింది, ఆ చుట్టుపక్కలంతా సరఫరా తడబడింది. అల్బుకర్కీ నగరంలో ఫిలిప్స్ కంపెనీకి చెందిన చిప్‌ల ఫ్యాక్టరీలో ఒక ఫర్నేసు దగ్గర నిప్పు రాజుకుంది. పది నిమిషాల లోపే మంట ఆరిపోయింది. ఫర్నేసులో ఉన్న ఎనిమిది ట్రేల సరుకు పాడైంది. చిన్న ప్రమాదమే అనుకున్నారు.

అక్కడ తయారయ్యేవి సెల్‌ఫోన్లలో రేడియో తరంగాలను అందుకునే, పంపే చిప్‌లు. ఆ ఫ్యాక్టరీ సరుకులో దాదాపు 40 శాతం ఇద్దరే కొనేవారు. ఒకరు ఫిన్లాండ్‌కు చెందిన నోకియా, మరొకరు స్వీడన్‌కు చెందిన ఎరిక్‌సన్. ఇరుగుపొరుగు దేశాలు, ఒకే వ్యాపారం, ఒకే సప్లయరు, ఒకే ప్రమాదం. వ్యాపారంలో వేగం అంటే ఏమిటో తెలుసుకోవడానికి ఎవరూ కావాలని ఏర్పాటు చేయలేని ప్రయోగం అక్కడ దానంతట అదే జరిగిపోయింది.

పది నిమిషాల మంట అంత నష్టం ఎలా చేసిందో ముందు అర్థం కావాలి. చిప్‌లను సిలికాన్ పలకల మీద తయారుచేస్తారు. వీటిని వేఫర్లు అంటారు. ఒక్కో వేఫరు మీద వందల కొద్దీ చిప్‌లు ఉంటాయి. వేఫరు మీద పూత పూయడం, వెలుతురుతో నమూనా అచ్చు వేయడం, ఆమ్లంతో చెక్కడం, వేడి చేయడం, మళ్లీ పూత పూయడం, ఇలా వందల దశలు దాటితే గానీ పని పూర్తికాదు. మొదలుపెట్టిన వేఫరు చివరికి చేరడానికి వారాలు పడుతుంది. ఆ పనంతా క్లీన్ రూముల్లో జరుగుతుంది. ఒక ఘనపుటడుగు గాలిలో అర మైక్రాను, అంతకంటే పెద్ద ధూళి రేణువు ఒకటికి మించి ఉండకూడదన్నది ఆ గదుల్లో అన్నిటికంటే కఠినమైన పాత ప్రమాణం. మన తల వెంట్రుక మందమే దాదాపు 50 నుంచి 100 మైక్రాన్లు ఉంటుంది. అలాంటి గదిలోకి పొగ చొరబడింది, మంట ఆర్పిన నీళ్లు చేరాయి, బయటి బూట్లు తిరిగాయి. కాలిపోయింది ఎనిమిది ట్రేలే. మసి కణాలు చేరి పనికిరాకుండా పోయినవి మాత్రం లక్షల ఫోన్లకు సరిపడే చిప్‌లు. గదిని మళ్లీ ఆ స్థాయి శుభ్రతకు తేవడానికే వారాలు కావాలి. తెచ్చాక కూడా మొదటి దశ నుంచి మొదలుపెట్టాల్సిందే.

ఫిలిప్స్ వాళ్లకు కూడా ఇది వెంటనే బోధపడలేదు. మార్చి 20, సోమవారం నాడు ఇద్దరు కస్టమర్లకూ ఒకే మాట చెప్పారు. ఒక వారం ఆలస్యమవుతుంది, అంతే.

నోకియాలో ఆ ఫోన్ అందుకున్నది విడిభాగాల కొనుగోళ్లు చూసే తాపియో మార్కి. వారం ఆలస్యం ఆ వ్యాపారంలో పెద్ద వింత కాదు. అయినా ఆయన ఆ కబురును తన బల్ల మీదే ఉంచుకోలేదు. కంపెనీలో ఏ సమస్య వచ్చినా చక్కదిద్దే బాధ్యత ఉన్న పెర్టి కోర్హోనెన్‌కు చేరవేశాడు. కోర్హోనెన్ అప్పటికప్పుడు హడావుడి ఏమీ చేయలేదు. ఆ ఫ్యాక్టరీ నుంచి వచ్చే ఐదు రకాల విడిభాగాలను ప్రత్యేక నిఘా జాబితాలో పెట్టించాడు. మామూలుగా ఎప్పుడో ఒకసారి అడిగి తెలుసుకునే సరుకు గురించి ఇక రోజూ ఫోన్ చేయడం మొదలైంది. మా ఇంజనీర్లను ఇద్దరిని సాయానికి పంపిస్తామన్నారు. ఫిలిప్స్ వద్దంది. ఆ "వద్దు" కూడా వాళ్లకు ఒక సమాచారమే అయింది.

రెండు వారాలకు, మార్చి 31న, ఫిలిప్స్ అసలు సంగతి ఒప్పుకుంది. ఇంకా చాలా వారాలు పడుతుంది, నెలల సరుకు పోయినట్టే. కోర్హోనెన్ లెక్క వేశాడు. దాదాపు 40 లక్షల ఫోన్లు ఆగిపోతాయి. అప్పుడు మొదలైంది అసలు పరుగు. 30 మందితో ఒక బృందం ఏర్పడింది. ఐదింటిలో మూడు విడిభాగాలకు వేరే సప్లయర్లు ఉన్నారు. జపాన్, అమెరికా కంపెనీలు ఐదు రోజుల్లో సరుకు పెంచడానికి ఒప్పుకున్నాయి. మిగిలిన రెండూ ఫిలిప్సే చేయాలి. నోకియా అధినేత యోర్మా ఒల్లిలా నేరుగా ఫిలిప్స్ అధినేత కోర్ బూన్‌స్ట్రాతో మాట్లాడాడు. నెదర్లాండ్స్‌లోని ఐండ్‌హోవెన్ నుంచి చైనాలోని షాంఘై దాకా ఫిలిప్స్ ఫ్యాక్టరీలన్నిటిలో ఖాళీ ఎక్కడుందో వెతికించి, ఆ ఖాళీని నోకియా చిప్‌లకు కేటాయింపజేశాడు. కొన్ని చిప్‌ల డిజైన్‌ను వేరే చోట తయారుచేయడానికి వీలుగా మార్చేశారు కూడా. నోకియా డెలివరీలు పెద్దగా దెబ్బతినలేదు.

ఎరిక్‌సన్‌లో ఏం జరిగింది? అదే కబురు అక్కడికీ చేరింది. కింది స్థాయి ఉద్యోగుల మధ్య ఒక మామూలు ఫోన్ కాల్‌గా చేరి, అక్కడే ఆగింది. వారం ఆలస్యం అన్నారు కదా అని నమ్మారు. ఫోన్ల విభాగం చూసే యాన్ వారెబికి విషయం తెలిసేసరికి ఏప్రిల్ వచ్చేసింది. అప్పుడు ఫిలిప్స్‌ను అడిగితే ఇవ్వడానికి ఖాళీ లేదు, అది నోకియాకు వెళ్లిపోయింది. మరో సప్లయరు దగ్గరకు పరుగెత్తుదామంటే, ఖర్చు తగ్గించడానికి 1990లలోనే ప్రత్యామ్నాయ సప్లయర్లను వదిలేసుకున్నారు. కొత్త మోడల్ ఫోన్లు బజారులోకి రావలసిన వేళకు చిప్‌లు లేవు. ఆ లోటు వల్ల పోగొట్టుకున్న అమ్మకాలు కనీసం 40 కోట్ల డాలర్లని కంపెనీయే లెక్క చెప్పింది. నాసిరకం మోడల్ ఎంపికలు, మార్కెటింగ్ లోపాలు కూడా తోడై ఆ ఏడాది ఫోన్ల విభాగం భారీ నష్టాల్లో మునిగింది. 2001లో ఫోన్ల తయారీని బయటి కంపెనీకి అప్పగించింది, ఆపైన సోనీతో కలిసి ఉమ్మడి కంపెనీ పెట్టుకుంది.

ఈ కథను మేనేజ్‌మెంట్ పాఠాల్లో చెప్పేటప్పుడు ఫిన్లాండ్ వాళ్ల దూకుడు, స్వీడన్ వాళ్ల నెమ్మదితనం అని స్వభావాల మీదకు నెట్టేస్తుంటారు. నాకు అది తప్పనిపిస్తుంది. వారెబి మందకొడి మనిషని చెప్పడానికి ఏ ఆధారమూ లేదు. నిర్ణయం తీసుకోవడానికి ఆయన ఆలస్యం చేయలేదు, నిర్ణయించాల్సిన విషయం ఉందన్న సంగతే ఆయనకు చేరలేదు. తేడా ఇద్దరు అధికారుల గుండె ధైర్యంలో లేదు. చెడ్డ కబురు పుట్టిన చోటికీ, దాని మీద ఏదైనా చేయగల మనిషికీ మధ్య ఉన్న దూరంలో ఉంది.

ఇంకో విషయం గమనించాలి. రెండు వారాలు వెనకబడ్డ ఎరిక్‌సన్‌కు చిప్‌లు రెండు వారాలు ఆలస్యంగా అందలేదు. కావలసిన వేళకు, కావలసినన్ని అసలు అందలేదు. సరుకు కొరతగా ఉన్నప్పుడు ముందు వచ్చినవాడు ఉన్నదంతా పట్టుకుపోతాడు. అందుకే ఇలాంటి సమయాల్లో ఆలస్యానికి ధర రోజుల లెక్కన పెరగదు, ఒక గీత దాటగానే మొత్తం పోతుంది. చిన్న ఆలస్యానికి చిన్న నష్టం, పెద్ద ఆలస్యానికి పెద్ద నష్టం అన్న లెక్కకు మన మనసు అలవాటుపడి ఉంటుంది. పోటీ ఉన్న చోట ఆ లెక్క పనిచేయదు.

కబురు చేరాక నిర్ణయం తీసుకోవాలి కదా, ఇక మెదడులోకి వెళ్దాం. నిర్ణయం అనేది ఎలా పుడుతుందో వివరించడానికి 1978లో రోజర్ రాట్‌క్లిఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఒక గణిత నమూనా ఇచ్చాడు. అటు ఒక గీత, ఇటు ఒక గీత ఉన్నాయనుకోండి. సాక్ష్యం కొద్దికొద్దిగా పోగుపడుతూ, ఊగుతూ, ఏదో ఒక గీతవైపు జరుగుతుంది. ఏ గీతను తాకితే అదే నిర్ణయం. గీతలు దగ్గరగా ఉంటే నిర్ణయం త్వరగా వస్తుంది కానీ పొరపాట్లు ఎక్కువ. దూరంగా ఉంటే పొరపాట్లు తక్కువ కానీ కాలం ఎక్కువ. ఇది కాగితం మీది ఊహ మాత్రమే కాదు. చుక్కలు ఎటు కదులుతున్నాయో గుర్తించమని కోతులకు నేర్పి, ఆ సమయంలో వాటి మెదడులోని నాడీకణాలను విలియం న్యూసమ్, మైకేల్ షాడ్లెన్ వంటి పరిశోధకులు గమనించారు. ఒక ప్రాంతంలోని కణాల చురుకుదనం సరిగ్గా ఇలాగే మెల్లగా పెరుగుతూ పోయి, ఒక స్థాయికి చేరగానే కోతి చూపు తిప్పి తన జవాబు చెప్పేది.

ఈ నమూనా నుంచి వచ్చే ఫలితం ఒకటి వ్యాపారికి చాలా విలువైనది. గీతను దూరం జరిపేకొద్దీ పట్టే కాలం ఇంచుమించు అదే పాళ్లలో పెరుగుతూ పోతుంది. పొరపాటు అవకాశం మాత్రం మొదట్లో బాగా తగ్గి, ఆ తర్వాత తగ్గడానికి ఇక పెద్దగా ఏమీ మిగలదు. మొదట సేకరించిన కాస్త సమాచారం ఎంతో మేలు చేస్తుంది. చివర్లో నెలల తరబడి సేకరించింది కాలాన్ని మింగుతుంది గానీ తీర్పును మార్చదు. గీతను ఎక్కడ పెట్టాలో ఆగడానికి అయ్యే ఖర్చును బట్టి తేల్చుకోవాలి. ఆఫీసుల్లో జరిగేది అది కాదు. రేపు తప్పు జరిగితే నింద నా మీదకు రాకూడదన్న భయం ఆ గీతను ఎక్కడికో తోసేస్తుంది. ఇంకో నివేదిక, ఇంకో సర్వే, ఇంకో మీటింగు. నిర్ణయానికి కావలసిన సాక్ష్యం ఎప్పుడో పోగుపడి ఉంటుంది. పోగుచేస్తున్నది రక్షణ కవచం.

అయితే త్వరగా తేల్చేవాళ్లు తక్కువ సమాచారంతో తేలుస్తారా? 1989లో స్టాన్‌ఫర్డ్ ఆచార్యురాలు క్యాథ్లీన్ ఐసెన్‌హార్ట్ ప్రచురించిన పరిశోధన దీనికి ఊహించని జవాబిచ్చింది. అప్పుడప్పుడే ఉరకలేస్తున్న మైక్రోకంప్యూటర్ కంపెనీలను ఆమె దగ్గరగా పరిశీలించారు. వేగంగా నిర్ణయించే కంపెనీలు ఎక్కువ సమాచారం వాడుతున్నాయి. కాకపోతే అది భవిష్యత్తు గురించిన అంచనాల కట్టలు కాదు. ఈ వారం అమ్మకాలెంత, స్టాకు ఎంత, చేతిలో నగదు ఎంత అన్న తాజా లెక్కలు. అవి ప్రత్యామ్నాయాలనూ ఎక్కువగానే చూస్తున్నాయి, ఒకదాని తర్వాత ఒకటి కాకుండా అన్నిటినీ ఒక్కసారే పక్కపక్కన పెట్టుకుని. అందరూ ఒప్పుకునేదాకా ఆగకుండా, చర్చ తెగకపోతే సంబంధిత అధికారి తేల్చేస్తున్నాడు. కోర్హోనెన్ రోజూ చేయించిన ఫోన్లు ఈ పరిశోధన ముందుపెట్టి చదివితే వేరే వెలుగులో కనిపిస్తాయి. ఆ రెండు వారాల్లో ఆయన తొందరపడలేదు, తెలుసుకుంటూ వచ్చాడు. మార్చి 31న ఫిలిప్స్ నిజం చెప్పే వేళకు నోకియా దాదాపు సిద్ధంగా ఉంది.

అగ్నిమాపక అధికారులు క్షణాల్లో ఎలా నిర్ణయిస్తారో 1980లలో మనస్తత్వ శాస్త్రవేత్త గేరీ క్లైన్ అధ్యయనం చేశాడు. ఆయన రాసిన ఒక సంఘటన బాగా ప్రసిద్ధం. ఒక ఇంట్లో వంటగది తగలబడుతోంది. నీళ్లు కొడుతున్నా మంట తగ్గడం లేదు. ముందుగదిలో వేడి ఉండాల్సినదానికంటే ఎక్కువగా ఉంది, చప్పుడు ఉండాల్సినదానికంటే తక్కువగా ఉంది. ఏదో తేడాగా ఉందనిపించి అధికారి అందరినీ బయటికి రమ్మన్నాడు. వాళ్లు రాగానే నేల కూలింది. అసలు మంట వాళ్ల కాళ్ల కింద, నేలమాళిగలో ఉంది. ఈ అధికారులు రెండు మూడు మార్గాలను పోల్చి చూడటం లేదనీ, చూసిన వందల మంటల్లో దీన్ని ఒకదానితో జతచేసి అడుగు వేస్తున్నారనీ క్లైన్ తేల్చాడు. అంతర్బుద్ధిని అంతగా నమ్మని మరో మనస్తత్వ శాస్త్రవేత్త డానియల్ కానెమన్‌తో కలిసి ఆయనే 2009లో ఒక వ్యాసం రాశాడు. ఇద్దరూ ఒప్పుకున్నదేమిటంటే, పరిస్థితుల్లో ఒక క్రమం ఉండి, చేసినదానికి ఫలితం వెంటనే తెలిసే చోటే అలాంటి స్ఫురణను నమ్మవచ్చు. మంటలు ఆర్పడంలో అది ఉంది. పదేళ్ల తర్వాత ఏ మార్కెట్ ఎలా ఉంటుందని చెప్పడంలో లేదు.

అంటే అవసరం వచ్చిన రోజు కనిపించే వేగం వెనక ఎన్నో నెమ్మదైన రోజుల పని దాగి ఉంటుంది. పదును ఉన్న ఒకటి రెండు రోజుల్లోనే విత్తనం వేసే రైతు వాన పడ్డాక నాగలి బాగుచేయించుకోడు, ఎండల్లోనే చేయించి పెట్టుకుంటాడు. హైదరాబాద్ కంపెనీ డాక్టర్ రెడ్డీస్ కథ చూడండి. అమెరికాలో 1984 నాటి హాచ్-వాక్స్‌మన్ చట్టం ప్రకారం, ఒక మందు పేటెంటును సవాలు చేస్తూ దాని జెనరిక్ (అదే మందును వేరే కంపెనీ చేసే రూపం) కోసం మొదట దరఖాస్తు పెట్టి నెగ్గిన కంపెనీకి 180 రోజుల పాటు మరో జెనరిక్ పోటీ ఉండదు. తర్వాత వచ్చినవాళ్లకు ఆ అవకాశం రాదు. 2001 ఆగస్టులో, మానసిక కుంగుబాటుకు వాడే ప్రోజాక్ మందుకు 40 మిల్లీగ్రాముల జెనరిక్‌ను ఆ 180 రోజుల హక్కుతో డాక్టర్ రెడ్డీస్ అమెరికా మార్కెట్లోకి తెచ్చింది. భారతీయ కంపెనీల్లో అలా చేసింది అదే మొదటిది. ఆ రోజు ముందు నిలబడటానికి వెనక ఏళ్ల తరబడి చేసిన రసాయన శాస్త్రం పని, న్యాయవాదుల పని ఉంది. ఈ పోటీ ఎంత ముదిరిందంటే, ముందు దరఖాస్తు ఇవ్వడానికి కంపెనీల మనుషులు అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఆవరణలో రోజుల తరబడి మకాం వేసేవారు. చివరికి 2003లో ఆ సంస్థ, ఒకే రోజు వచ్చిన దరఖాస్తుదారులంతా హక్కును పంచుకోవచ్చని చెప్పాల్సి వచ్చింది.

మార్కెటింగ్‌లో ముందు వచ్చినవాడికే దక్కుతుందన్న ఇదే సూత్రం రోజువారీ స్థాయిలో పనిచేస్తుంది. 2011లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూలో వచ్చిన ఒక అధ్యయనం కోసం 2,241 అమెరికన్ కంపెనీలను పరీక్షించారు. వెబ్‌సైటులో ఎవరైనా వివరాలు అడిగితే ఎంతసేపట్లో జవాబిస్తారని. గంటలోపు స్పందించినవి 37 శాతం. అసలు స్పందించనివి 23 శాతం. నెలలోపు జవాబిచ్చినవాటి సగటు 42 గంటలు. వేరే లెక్కల్లో తేలిందేమిటంటే, గంటలోపు సంప్రదించిన కంపెనీలకు, ఇంకో గంట ఆలస్యం చేసినవాటితో పోలిస్తే, నిర్ణయం తీసుకోగల మనిషితో అసలు మాట కలపగలిగే అవకాశం దాదాపు ఏడు రెట్లు ఎక్కువ. ఇందులో మాయేమీ లేదు. అడిగిన క్షణంలో ఆ మనిషి కుర్చీలోనే ఉన్నాడు, మనసులో ఆ అవసరమే ఉంది. రెండు గంటల తర్వాత వేరే పనిలో ఉంటాడు, లేదా వేరే దుకాణంలో. ఈ కంపెనీలు కస్టమరు తమకు రావాలని ప్రకటనలకు డబ్బు ఖర్చుపెట్టి, వచ్చిన మనిషిని గుమ్మంలో నిలబెడుతున్నాయి. నష్టాల్లోకెల్లా నివారించడం తేలికైన నష్టం ఇదేనని నేను అనుకుంటాను.

కానీ వేగంగా వేసిన అడుగు తప్పయితే? ఇక్కడ 1985 నాటి కోకాకోలాను తలచుకోవాలి. పెప్సీ పోటీ తట్టుకోలేక వాళ్లు రుచి మార్చాలనుకున్నారు. ఆ నిర్ణయం తొందరలో తీసుకున్నది కాదు. దాదాపు 2 లక్షల మందికి రుచి చూపించి అభిప్రాయాలు సేకరించారు. ఎక్కువమంది కొత్త రుచే బాగుందన్నారు. ఏప్రిల్ 23న పాతదాన్ని ఆపేసి కొత్తది విడుదల చేశారు. జనం మండిపడ్డారు. రోజూ వేల ఫోన్లు. గుక్కెడు తాగి ఏది బాగుందో చెప్పమన్నారే గానీ, ఇన్నేళ్లుగా మీది అనుకున్నదాన్ని తీసేస్తే ఎలా ఉంటుందని ఆ రుచి పరీక్షల్లో అడగలేదు. అంత సమాచారమూ ఆ ఒక్క ప్రశ్నకు జవాబివ్వలేకపోయింది. కానీ ఆ ఫోన్లను కంపెనీ విన్నది, లెక్కపెట్టింది, పైకి చేరవేసింది. 79 రోజులకు, జులై 11న, పాత కోక్ తిరిగి వచ్చింది. పెద్ద కంపెనీ బహిరంగంగా తన తప్పును దిద్దుకోవడానికి అది చాలా తక్కువ కాలం. ఆ తర్వాత అమ్మకాలు పుంజుకున్నాయి. నెమ్మదిగా తీసుకున్న నిర్ణయం తప్పింది, త్వరగా వెనక్కి తీసుకున్నది నిలబెట్టింది.

అమెజాన్ స్థాపకుడు జెఫ్ బెజోస్ వాటాదారులకు రాసిన లేఖల్లో నిర్ణయాలను రెండుగా విడదీశాడు. వెనక్కి రాలేనివి కొన్ని, వచ్చేయగలిగేవి ఎక్కువ. రెండో రకాన్ని మొదటి రకంలా భావించి నానబెట్టడమే పెద్ద సంస్థల జబ్బన్నాడు. కోరుకునే సమాచారంలో 70 శాతం చేతికి రాగానే చాలా నిర్ణయాలు తీసేసుకోవాలని కూడా రాశాడు. ఆ అంకెను కొలిచేందుకు తూకం ఎవరి దగ్గరా లేదు గానీ, విభజన మాత్రం పక్కాగా పనికొస్తుంది. ఉద్యోగుల ప్రాణాలతో, మందుల భద్రతతో ముడిపడ్డ నిర్ణయాలకు ఇక్కడ చెప్పిన వేగం వర్తించదు. అక్కడ వేగం కావలసింది ఆపడంలో.

మళ్లీ నోకియా దగ్గరకు వద్దాం. 2000లో రెండు వారాల్లో ప్రపంచాన్ని కదిలించిన కంపెనీ, 2007లో ఐఫోన్ వచ్చాక అంచెలంచెలుగా ఎందుకు కూలింది? అప్పటికి ప్రపంచంలో అమ్ముడయ్యే ప్రతి పది ఫోన్లలో దాదాపు నాలుగు దానివే. మన ఊళ్లలో టార్చిలైటు ఉన్న నోకియా 1100 చూడని ఇల్లు అరుదు. డబ్బుందీ, ఇంజనీర్లున్నారూ, టచ్‌స్క్రీన్ పరిశోధన కూడా ఉంది. క్వి హుయ్, టిమో వువొరి అనే ఇద్దరు పరిశోధకులు నోకియాలో పనిచేసిన మేనేజర్లు, ఇంజనీర్లు మొదలైన 76 మందితో మాట్లాడి 2016లో ఒక వ్యాసం ప్రచురించారు. వాళ్లకు కనిపించింది భయం. పైవాళ్లకు పోటీదారులంటే, వాటాదారులంటే భయం. ఆ భయంతో గడువులు బిగించి కిందివాళ్ల మీద కేకలు వేశారు. మధ్యస్థాయి వాళ్లకు పైవాళ్లంటే భయం. నోకియా ఫోన్లను నడిపే సింబియన్ సాఫ్ట్‌వేర్ ఐఫోన్‌కు సాటిరావడానికి ఏళ్లు పడుతుందన్న నిజాన్ని నోటితో చెప్పలేకపోయారు. బాగానే సాగుతోందన్నారు. మార్కి బల్ల మీద నుంచి కోర్హోనెన్ బల్ల మీదకు కబురు చేరిన దారి ఉన్న కంపెనీలోనే, ఏడేళ్ల తర్వాత ఆ దారి పూడిపోయింది. అక్కడ హడావుడికి కొదవ లేదు. ఒకదాని వెనక ఒకటిగా మోడళ్లు వస్తూనే ఉన్నాయి. కానీ ఏది తప్పుతోందో తెలియని వేగం అది.

2013 సెప్టెంబరులో ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కు అమ్ముతున్నట్టు నోకియా ప్రకటించింది. కొనాలా వద్దా అని అప్పటి మైక్రోసాఫ్ట్ అధినేత స్టీవ్ బామర్ తన సహచరుల అభిప్రాయం అడిగినప్పుడు, హైదరాబాద్‌లో పెరిగిన సత్య నాదెళ్ల వద్దనే చెప్పారు. 2014 ఫిబ్రవరిలో ఆయనే అధినేత అయ్యారు. ఏప్రిల్‌లో కొనుగోలు పూర్తయింది. తను వద్దన్న వ్యాపారం తన చేతికే వచ్చింది. మరుసటి ఏడాది జులైలో ఆయన దాని విలువలో దాదాపు 760 కోట్ల డాలర్లను నష్టంగా రాసేశారు, 7,800 ఉద్యోగాలు తీసేశారు. వాటిలో ఎక్కువ ఫోన్ల విభాగానివే. ఇంకొన్నాళ్లు చూద్దామని నాలుగైదేళ్లు ఈదవచ్చు, చాలా కంపెనీలు అలాగే చేస్తాయి. ఆయన ఆ డబ్బును, మనుషులను క్లౌడ్ వైపు తిప్పారు. వ్యాపారంగా అది సరైన నిర్ణయమని నేను నమ్ముతాను. ఆ 7,800 మంది ఇళ్లలో దాన్ని అలా చూడాలని మాత్రం ఎవరినీ అడగలేను. 2007లోనే పైకి చేరి ఉండాల్సిన నిజానికి 2015లో వాళ్లు ధర కట్టారు.

ఫోన్లు పోయే ముందూ, పోయాకా, 2012 నుంచి 2020 దాకా నోకియా బోర్డు అధ్యక్షుడిగా ఉన్నది రిస్తో సీలస్మా. బోర్డులో ఆయన పెట్టిన నియమం ఒకటుంది. చెడ్డ కబురు తెచ్చినవాడిని మంచి కబురు తెచ్చినవాడిలా చూడాలి. ఏ కబురూ రాకపోతే అప్పుడు కంగారుపడాలి. ఆ బోర్డే 2013లో తమ ఉమ్మడి నెట్‌వర్క్ వ్యాపారంలో సీమెన్స్‌కు ఉన్న వాటా కొని, దాన్ని పూర్తిగా చేతిలోకి తీసుకుంది. 2016లో అల్కాటెల్-లూసెంట్‌ను కలుపుకుంది. నోకియా ఇప్పుడు సెల్ టవర్లకు, ఫైబర్ లైన్లకు పరికరాలు చేసే కంపెనీ. మన దేశంలో ఎయిర్‌టెల్, జియో 5జీ నెట్‌వర్కులు రెండింటికీ సరఫరా చేస్తోంది. ఆ రంగంలో దానికి ఉన్న పెద్ద పోటీదారుల్లో ఒకటి ఎరిక్‌సన్.